డైటీషియన్‌గా ముందు దారి: చదువు, ఇంటర్న్‌షిప్, రిజిస్ట్రేషన్, ఉద్యోగం ఏ వరుసలో ప్లాన్ చేసుకోవాలి

నాకు తరచూ వచ్చే మెసేజీలు మూడు రకాలు. ఒకటి: "బీఎస్సీ న్యూట్రిషన్ ఫైనలియర్ మేడం, తర్వాత ఏం చదవాలి?" రెండు: "ఎమ్మెస్సీ అయింది, అయిదు ఆన్‌లైన్ సర్టిఫికెట్లున్నాయి, ఇంటర్వ్యూలకు పిలుపే రావట్లేదు." మూడు: "పెళ్లి కుదిరింది, జనవరిలో డాలస్ వెళ్తున్నాను, అక్కడ డైటీషియన్‌గా చేయొచ్చా?"

ముగ్గురికీ నేను వేసే ఎదురు ప్రశ్న ఒకటే: "ఆసుపత్రిలో ఎన్ని గంటలు పనిచేశారు? దానికి కాగితం ఉందా?" రిజిస్టర్డ్ డైటీషియన్ (ఆర్డీ) పరీక్షయినా, రైల్వే నోటిఫికేషనయినా, లండన్‌లో రిజిస్ట్రేషనయినా చివరికి అడిగేది అదే. కాబట్టి ఈ ప్లానంతా ఆ గంటల చుట్టూనే అల్లాను.

## 1. కోర్సు కన్నా ముందు, రోజు ఎలా గడుస్తుందో చూడండి

కోర్సు పేరు చూసి చేరితే రెండేళ్ల తర్వాత తెలుస్తుంది, ఆ పని మనకు సరిపడదని. ముందు ఆ పని చేసేవాళ్ల పక్కన రెండు మూడు రోజులు నిలబడి చూడండి. అనుమతి అడిగితే చాలామంది సీనియర్లు కాదనరు.

- క్లినికల్: పొద్దున్నే వార్డు రౌండ్లు, కొత్త అడ్మిషన్లకు స్క్రీనింగ్, ఐసీయూలో ఆర్టీ ఫీడ్ (ముక్కు గొట్టం ద్వారా ఇచ్చే ఆహారం) లెక్కలు, డిశ్చార్జ్ కౌన్సెలింగ్. రోజంతా కాళ్ల మీదే.
- ఫుడ్ సర్వీస్: ఆసుపత్రి కిచెన్ బాధ్యత. సరుకుల ఇండెంట్లు, ట్రేలు, వంటవాళ్లతో బేరసారాలు. పేరు తక్కువ, పని ఎక్కువ. కానీ ఇది తెలియని క్లినికల్ డైటీషియన్ కాగితం మీద రాసిన డైట్ ట్రేలోకి చేరదు.
- పబ్లిక్ హెల్త్: అంగన్‌వాడీలు, తీవ్ర పోషకాహార లోపమున్న పిల్లలకు న్యూట్రిషన్ రీహాబిలిటేషన్ సెంటర్లు, స్వచ్ఛంద సంస్థల ప్రాజెక్టులు. తిరుగుడు, రిపోర్టులు తప్పవు.
- స్పోర్ట్స్: ఆటగాళ్ల టైంటేబులే మన టైంటేబుల్. పూర్తికాలం ఉద్యోగాలు కొద్దే.
- బోధన, పరిశోధన: లెక్చరర్ అర్హత పరీక్షలైన నెట్ లేదా సెట్, ఆపైన పీహెచ్‌డీ. ఓపిక ఉన్నవాళ్లకు.
- సొంత ప్రాక్టీసు, కంపెనీలు: దీని గురించి తర్వాత విడిగా చెప్తాను, ఎందుకంటే తొందరపడేది ఇక్కడే.

ఏది నచ్చిందో తేలకపోతే క్లినికల్‌తో మొదలుపెట్టండి. వార్డు నుంచి మిగతా వాటిలోకి మారడం తేలిక. అయిదేళ్లు జిమ్‌లో చేసి ఐసీయూకి రావడం చాలా కష్టం.

## 2. చేతిలో ఏముందో ఒక ఫైల్లో పెట్టండి

ఒక ఆదివారం కూర్చుని ఈ లిస్టు పూర్తిచేయండి. లేనివాటి ఎదురుగా తేదీ వేసుకోండి, ఎప్పటికి తెచ్చుకుంటారో.

- పది, ఇంటర్, డిగ్రీ మెమోలు. పేరు, ఇంటిపేరు అన్నింట్లో ఒకేలా ఉన్నాయా? మన ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట ఒక్క అక్షరంగా ఉండటమే విదేశీ దరఖాస్తుల్లో మొదటి తలనొప్పి.
- ప్రతి సెమిస్టరు సిలబస్ కాపీ, గంటల వివరంతో, కాలేజీ ముద్రతో. చదువుతుండగానే తీసుకోండి. సిలబస్ మారాక పాతది వెతికిపెట్టే తీరిక ఎవరికీ ఉండదు.
- ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్. దానిలో మొదలైన తేదీ, ముగిసిన తేదీ, మొత్తం గంటలు, తిరిగిన విభాగాలు, సూపర్‌వైజర్ పేరు, అర్హత ఉండాలి.
- ఒరిజినల్ డిగ్రీ పట్టా. ప్రొవిజనల్‌తోనే ఏళ్లు గడిపేసేవాళ్లు ఎందరో.

నా సంగతి చెప్తాను. నా ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్లో ఉన్నది ఒకే వాక్యం: "సంతృప్తికరంగా పూర్తిచేశారు." తేదీల్లేవు, గంటల్లేవు. ఆరేళ్ల తర్వాత ఒక విదేశీ దరఖాస్తుకు గంటలు కావాలన్నారు. అప్పటికి మా చీఫ్ డైటీషియన్ రిటైరయ్యారు, ఆసుపత్రి యాజమాన్యం మారింది. రిజిస్టర్లు ఎక్కడున్నాయో తెలిసినవాళ్లు లేరు. సరైన లెటరు చేతికి రావడానికి నాలుగు నెలలు పట్టింది. అదీ, నా పాత నోటు పుస్తకంలో డ్యూటీ తేదీలు రాసి ఉండబట్టి.

## 3. పీజీ ఎంపిక: ప్రాస్పెక్టస్‌లో కనపడని ప్రశ్నలు

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో అప్లయిడ్ న్యూట్రిషన్, స్పోర్ట్స్ న్యూట్రిషన్ ఎమ్మెస్సీలున్నాయి. పరిశోధన, పబ్లిక్ హెల్త్ వైపు మనసుంటే మొదట ప్రయత్నించాల్సింది అక్కడే. తెలంగాణ యూనివర్సిటీల సీట్లకు ప్రవేశ పరీక్ష సీపీగెట్, ఆంధ్రలో ఏపీ పీజీసెట్. తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో హోం సైన్స్ విభాగం ఉంది. సైఫాబాద్, గుంటూరుల్లోని కమ్యూనిటీ సైన్స్ కాలేజీలు వ్యవసాయ విశ్వవిద్యాలయాల కింద నడుస్తాయి, వాటి నోటిఫికేషన్లు విడిగా వస్తాయి. ఒక్క ప్రవేశ పరీక్ష రాసి కూర్చుంటే ఇవి దాటిపోతాయి.

కాలేజీకి వెళ్లి నేరుగా అడగాల్సినవి:

- ఇంటర్న్‌షిప్ కోర్సులో భాగమా, మనమే వెతుక్కోవాలా?
- ఏ ఆసుపత్రులతో ఒప్పందం ఉంది? అక్కడ ఆర్డీ ఉన్న సూపర్‌వైజర్ ఉన్నారా?
- గత రెండు బ్యాచుల్లో ఎంతమంది ఆర్డీ రాశారు? జవాబు తడబడితే సీనియర్లను అడగండి.
- జాతీయ అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ కమిషన్ నిబంధనలకు తగ్గట్టు కోర్సును మారుస్తున్నారా?

చివరి ప్రశ్న కొత్తది, ముఖ్యమైనది. 2021 నాటి ఆ కమిషన్ చట్టం డైటీషియన్‌ని, న్యూట్రిషనిస్ట్‌ని తన జాబితాలో చేర్చింది. హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే కనీసం 3600 గంటల డిగ్రీ ఉండాలని అందులో ఉంది. ఇక్కడా గంటలే.

ఇంకొకటి. ఈ చట్టం కిందికి వచ్చే కోర్సుల్లో దూరవిద్య, ఆన్‌లైన్ ప్రవేశాలను 2025 జూలై-ఆగస్టు సెషన్ నుంచి యూజీసీ ఆపేసింది. ఫుడ్ అండ్ న్యూట్రిషన్, క్లినికల్ న్యూట్రిషన్ అండ్ డైటెటిక్స్ కూడా అందులో ఉన్నాయి. "ఇంట్లో కూర్చుని ఎమ్మెస్సీ డైటెటిక్స్" అని ఎవరైనా ఫోన్ చేసి సీటు అమ్మజూపితే ఫోన్ పెట్టేయండి.

## 4. ఇంటర్న్‌షిప్: అసలు చదువు ఇక్కడే

చాలామంది దీన్ని సర్టిఫికెట్ కోసం గడిపే కాలంగా చూస్తారు. అయిదారు నెలలు కిచెన్ దగ్గర నిలబడి డైట్ షీట్లు కాపీ చేసి వస్తారు. అలా జరగకూడదంటే చేరిన మొదటి రోజే రొటేషన్ అడగాలి, వీలైతే రాతలో. ఆరు నెలలు, అంటే 24 వారాలు దొరికితే నేను ఇలా పంచుతాను:

- కిచెన్, డైట్ షీట్లు, ఫీడ్ తయారీ: 2 వారాలు
- జనరల్ మెడిసిన్, సర్జరీ: 6 వారాలు
- డయాబెటిస్ ఓపీ: 3 వారాలు
- నెఫ్రాలజీ, డయాలసిస్: 4 వారాలు
- ఐసీయూ: 4 వారాలు
- పిల్లల వార్డు, ప్రసూతి: 3 వారాలు
- సొంతంగా కేసులు చూడటం, ప్రెజెంటేషన్: 2 వారాలు

డయాలసిస్‌కి నాలుగు వారాలు ఎక్కువనిపించొచ్చు. కానీ కొత్తవాళ్లు ఘోరంగా తడబడేది ఇక్కడే. కిడ్నీ జబ్బు అనగానే "పప్పు మానేయండి, గుడ్డు మానేయండి" అంటారు. డయాలసిస్ మొదలుకాక ముందు ప్రోటీన్ అదుపులో పెట్టడం ఒక సంగతి. మొదలయ్యాక ప్రతి సిట్టింగులో కొంత పోతుంది కాబట్టి ప్రోటీన్ పెంచాలి. ఈ తేడా తెలియక పాత చార్టే కొనసాగిస్తే పేషెంటు కండ కరిగిపోతుంది. దానితోపాటు పొటాషియం, ఫాస్ఫరస్, నీళ్ల లెక్క. కొబ్బరినీళ్లు మంచివని ఇంట్లోవాళ్లు ప్రేమగా తెచ్చి తాగిస్తుంటే ఎందుకు వద్దో వాళ్లకి అర్థమయ్యే మాటల్లో చెప్పగలగాలి.

ఐసీయూలో నేర్చుకోవాల్సిన మొదటి జాగ్రత్త రీఫీడింగ్. రోజుల తరబడి తిండి లేని మనిషికి ఒక్కసారిగా పూర్తి క్యాలరీలు ఎక్కిస్తే ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం పడిపోతాయి. ప్రాణం మీదికి వస్తుంది. తక్కువతో మొదలుపెట్టి, రక్త పరీక్షలు చూసుకుంటూ పెంచాలి.

ఇక ప్రశ్న అడిగే తీరు. "ఏం తింటారండీ?" అంటే వచ్చే జవాబు ఒకటే: "మామూలుగానేనండీ." దానితో ఏం లెక్క వేస్తాం? "నిన్న లేచాక నోట్లో మొదట ఏం పడింది?" అని అడగండి. టీ నుంచి మొదలై, పక్కింటి పెళ్లి లడ్డూ దాకా అన్నీ బయటికొస్తాయి. అన్నం ఎన్ని గ్రాములని అడక్కండి. ఏ గరిటెతో, ఎన్నిసార్లు, బియ్యం ఎన్ని గ్లాసులు పోస్తారు, తినేవాళ్లు ఎంతమంది, నూనె ప్యాకెట్ ఎన్నాళ్లు వస్తుంది అని అడగండి. లెక్క మనం వేసుకోవాలి, వాళ్లు కాదు. దానికి 2017 నాటి భారతీయ ఆహార కూర్పు పట్టికలు పక్కనుండాలి. మన ఆహార పదార్థాలు 528 ఉన్నాయి అందులో. విదేశీ యాప్‌లో జొన్నరొట్టె వెతకడం మానేయండి.

లాగ్‌బుక్‌లో రోజూ రాయాల్సినవి:

- తేదీ, వార్డు, పనిచేసిన గంటలు
- కేసు రకం, వయసు. పేషెంటు పేరు, ఐపీ (అడ్మిషన్) నంబరు రాయకండి.
- ఏ పద్ధతిలో పోషణ స్థితి అంచనా వేశారు
- ఇచ్చిన ప్లాన్
- మూడు రోజుల తర్వాత ఏం మారింది. చాలా లాగ్‌బుక్కుల్లో ఉండనిది ఇదే.
- వారానికోసారి సూపర్‌వైజర్ సంతకం. నెలాఖరున అన్నీ ఒకేసారి చేయిస్తామంటే కుదరదు.

## 5. ఆర్డీ, ఆపైన రిజిస్ట్రేషన్

ఇండియన్ డయెటెటిక్ అసోసియేషన్ ఇచ్చే ఆర్డీ గుర్తింపుకి చదువు, ఆసుపత్రి ఇంటర్న్‌షిప్, ఆ తర్వాత పరీక్ష, ఈ మూడూ కావాలి. పెద్ద కార్పొరేట్ ఆసుపత్రుల ఇంటర్వ్యూల్లో దాని గురించే ముందు అడుగుతారు.

వరుస ఇలా ఉండాలి. ఇంటర్న్‌షిప్‌లో చేరకముందే ఆర్డీ బోర్డు తాజా బులెటిన్ తెచ్చుకుని, మీ కోర్సు పేరుకు ఎన్ని నెలల ఇంటర్న్‌షిప్ కావాలి, ఎలాంటి ఆసుపత్రి పనికొస్తుంది చూడండి. తర్వాత చేరండి. ఇది తలకిందులు చేసినవాళ్లు మళ్లీ ఇంటర్న్‌షిప్ చేయడం చూశాను. పరీక్ష ఇంటర్న్‌షిప్ ముగిసిన ఏడాదిలోపే రాసేయండి. వార్డు గుర్తున్నప్పుడు సగం ప్రిపరేషన్ అయిపోయినట్టే.

ఆర్డీ అనేది అసోసియేషన్ గుర్తింపు. 2021 చట్టం కింద రాష్ట్ర కౌన్సిల్లో పేరు నమోదు వేరు. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదనుకోకండి. రాష్ట్ర కౌన్సిల్ ప్రకటనలు వచ్చినప్పుడల్లా చూస్తూ ఉండండి.

## 6. మొదటి ఉద్యోగం, ప్రభుత్వ ఉద్యోగం

మొదటి రెండేళ్లు జీతం కన్నా కేసుల రకం చూసుకోండి. మంచాల సంఖ్య ఎక్కువున్న ఆసుపత్రి, మీ పైన ఒక సీనియర్ ఉన్న విభాగం. ఒక్కరే డైటీషియన్‌గా చేరితే హోదా వస్తుంది, తప్పు దిద్దేవాళ్లు ఉండరు.

ప్రభుత్వ ఉద్యోగమే లక్ష్యమైతే లెక్కలు తెలిసి దిగండి. రైల్వే 2024 పారామెడికల్ నోటిఫికేషన్‌లో మొత్తం 1376 ఖాళీలు, అందులో డైటీషియన్లవి 5. ప్రారంభ మూల వేతనం రూ. 44,900, లెవెల్ 7. మంచి ఉద్యోగమే, కానీ దానికోసం మూడేళ్లు ఇంట్లో కూర్చోకూడదు. పనిచేస్తూ రాయండి. మహిళా శిశు సంక్షేమ శాఖలో సూపర్‌వైజర్, సీడీపీఓ (శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారి) పోస్టులు మన చదువుకు తగినవి. అయితే ప్రతి నోటిఫికేషన్‌లో డిగ్రీ పేరు అక్షరం అక్షరం చూడండి. "న్యూట్రిషన్ అంటే హోం సైన్సే కదా" అని మనం అనుకుంటే చాలదు, వాళ్లు అనుకోవాలి. అనుమానముంటే యూనివర్సిటీ నుంచి సమానార్హత లెటరు ముందే తెచ్చుకోండి.

## 7. స్పెషలైజేషన్: రెండేళ్ల తర్వాతే

కిడ్నీ, క్యాన్సర్, క్రిటికల్ కేర్, పిల్లలు, డయాబెటిస్, స్పోర్ట్స్. వీటిలో ఏదన్నది సరదా బట్టి కాదు, మీ లాగ్‌బుక్ బట్టి తేల్చుకోండి. ఏ కేసుల పేజీలు ఇష్టంగా నింపారో తిరగేస్తే తెలిసిపోతుంది.

కోర్సుకి డబ్బు కట్టేముందు మూడు చూడండి: ప్రాక్టికల్ ఉందా, పరీక్ష ఉందా, ఆ సర్టిఫికెట్‌ని ఒక్క ఉద్యోగ ప్రకటనలోనైనా అడిగారా. రెండు వారాంతాల్లో "క్లినికల్ ఎక్స్‌పర్ట్" చేసే కోర్సులకు ఈ మూడూ ఉండవు.

సొంత ప్రాక్టీసు పెట్టాలంటే మూడేళ్లయినా ఆసుపత్రిలో చేసి రండి. క్లినిక్‌కి వచ్చేవాళ్లంతా బరువు తగ్గడానికే రారు. ఫైలు చూస్తే కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగి ఉంటుంది. అది గుర్తుపట్టి డాక్టరు దగ్గరికి పంపాలంటే కళ్లకు వార్డు అలవాటుండాలి. సప్లిమెంట్ డబ్బాల మీద కమీషన్‌కు ఆశపడకండి. పసిపిల్లల పాలపొడి కంపెనీల బహుమతులు, ప్రచారం జోలికైతే అసలే పోవద్దు. 1992 నాటి చట్టం, 2003 సవరణ వాటిని నిషేధించాయి.

## 8. విదేశం: వెనక నుంచి ముందుకు లెక్క

ఏ దేశమో తేల్చుకుని, అక్కడి రెగ్యులేటర్ అడిగే కాగితాల జాబితా తీసుకుని, అక్కడి నుంచి వెనక్కి రండి.

అమెరికా. 2024 జనవరి 1 నుంచి అక్కడి ఆర్డీ పరీక్ష రాయాలంటే కనీసం మాస్టర్స్ ఉండాలి. మన ఎమ్మెస్సీ ఉంటే చాలు అనుకోకండి. అక్కడ డైటెటిక్స్ కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ అసెండ్. దాని గుర్తింపున్న ప్రోగ్రాం ద్వారా చదువు లోటు పూడ్చుకోవాలి, పర్యవేక్షణలో కనీసం 1000 గంటల ప్రాక్టీసు చేయాలి, ఆ తర్వాతే పరీక్ష. చాలా రాష్ట్రాల్లో ఆపైన లైసెన్సు. డాలస్ చెల్లెలికి నా సలహా: వెళ్లేముందే ట్రాన్‌స్క్రిప్టులు సీల్డ్ కవర్లలో తీసుకోండి, కోర్సువారీ మదింపు చేయించుకోండి, మాస్టర్స్‌తోపాటు గంటలు కూడా కలిపి ఇచ్చే ప్రోగ్రాములకు ముందు దరఖాస్తు పెట్టండి. విడిగా ఇంటర్న్‌షిప్ సీటు వెతుక్కునే బాధ తప్పుతుంది. డిపెండెంట్ వీసా మీద పనికి అనుమతి ఉందో లేదో ఆ లెక్కలో కలపండి.

బ్రిటన్. అక్కడ 'డైటీషియన్' అనే పేరు చట్టరక్షితం. అక్కడి రెగ్యులేటర్ హెచ్‌సీపీసీలో రిజిస్టరు కాకుండా వాడితే నేరం. ఐఈఎల్‌టీఎస్ అకడమిక్‌లో మొత్తం 7, ఏ విభాగంలోనూ 6.5కి తగ్గకుండా రావాలి. మీరు దాచిన సిలబస్ కాపీలు, ప్లేస్‌మెంట్ గంటలు ఇక్కడ బంగారం.

గల్ఫ్. డేటాఫ్లో సంస్థ మీ కాలేజీకి, పాత ఆసుపత్రికి నేరుగా రాసి నిజానిజాలు కనుక్కుంటుంది. ఎక్స్‌పీరియెన్స్ లెటరులో హోదా, తేదీలు పే స్లిప్పులతో సరిపోలాలి.

## 9. తరచూ జరిగే తప్పులు, దిద్దుకునే దారి

ఇంటర్న్‌షిప్ చేయకుండానే ఎమ్మెస్సీ అయిపోయింది. ఇప్పుడైనా చేయండి. జీతం లేకపోయినా ఆరు నెలలు నష్టం కాదు. ఇంట్లో ఒప్పించడానికి ఆర్డీ బులెటిన్ చూపించండి.

సర్టిఫికెట్లో గంటలు లేవు. ఈ వారమే ఆ ఆసుపత్రికి వెళ్లండి. లాగ్‌బుక్ కాపీ జతచేసి, కావలసిన వివరాలతో లెటరు డ్రాఫ్టు మీరే టైపు చేసుకెళ్లండి. ఖాళీ చేతులతో వెళ్తే "తర్వాత రండి" అంటారు.

పెళ్లి, పిల్లలతో నాలుగేళ్ల గ్యాప్. గ్యాప్‌ని దాచొద్దు. మూడు నెలలు అబ్జర్వర్‌గా ఒక ఆసుపత్రిలో చేరి, జాతీయ పోషకాహార సంస్థ (ఐసీఎంఆర్-ఎన్ఐఎన్) 2020 పోషక ప్రమాణాలు, 2024 ఆహార మార్గదర్శకాలు చదివి ఇంటర్వ్యూకి వెళ్లండి. మీరు ఆగిన నాటికీ, నేటికీ ఏం మారిందో మీరే ముందు చెప్తే గ్యాప్ ప్రశ్న అక్కడే ఆగిపోతుంది.

వేరే సబ్జెక్టు డిగ్రీ, న్యూట్రిషన్‌లో సర్టిఫికెట్ మాత్రమే ఉంది. దానితో క్లినికల్ ఉద్యోగం దొరుకుతుందని ఎవరు చెప్పినా నమ్మొద్దు. మీ డిగ్రీకి ప్రవేశమున్న పీజీ డిప్లొమా లేదా ఎమ్మెస్సీ రెగ్యులర్‌గా చేయండి.

అన్నీ ఉన్నాయి, పిలుపు రావట్లేదు. రెజ్యూమె తీయండి. "గుడ్ కమ్యూనికేషన్ స్కిల్స్" అన్న లైను కొట్టేసి, ఆ చోట మీ లాగ్‌బుక్‌లోని లెక్క రాయండి: డయాలసిస్‌లో ఎన్ని కేసులు, ఐసీయూలో ఎన్ని, ఎన్ని గంటలు, ఎవరి పర్యవేక్షణలో. ఆ ఒక్క లైను మార్చి మళ్లీ పంపండి.